టెస్ట్ చేసినవారు: హేమలత

ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఇంతదాకా వచ్చేదా?

సింగపూర్‌లో కెర్నల్ మీద పని నాది. కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాం అది. కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి, కానీ ఫ్యాక్టరీల్లో యంత్రాలు పాతదాని మీదే నడుస్తాయి. మార్చనివ్వరు. అందుకని కొత్తదాంట్లో చేసిన మరమ్మతులను పాతదానికి సరిపడేలా దిద్ది ఎక్కించాలి. బ్యాక్‌పోర్టింగ్ అంటారు. అందులో నన్ను మించినవాడు లేడని నా పొగరు.

అలా దిద్దిన మరమ్మతును ప్యాచ్ అంటాం. రాసినవాడు కాక ఇంకొకరు దాన్ని యంత్రం మీద నడిపి చూడాలి, వాళ్ల పేరు దాని కింద ఉండాలి. అది మా నియమం. నావి చూసేది హేమలత. అనంతపురం అమ్మాయి, నన్ను అన్నా అనేది. ఆ వారం కూతురికి జ్వరం. నిద్ర లేకుండా ఇంటి నుంచే పని చేస్తోంది. నా ప్యాచ్ ఆ సాయంత్రమే వెళ్లాలి. పంపితే రేపటిదాకా ఆగమంటుందని పంపనే లేదు. కోడ్ తప్పుల్లేకుండా కంపైల్ అయింది కదా, ఇంకేం కావాలి? ఆమె పేరు నేనే టైపు చేసేశాను.

ఆ మరమ్మతు పనిచేయాలంటే అంతకుముందు వచ్చిన ఇంకో మార్పు కూడా ఉండాలి. పాత కెర్నల్లో అది లేదు. నేను చూసుకోలేదు. ఆమె ఒక్కసారి నడిపి ఉంటే తెలిసిపోయేది.

కస్టమర్ యంత్రాలన్నీ ఆగిపోయాయి. ఎవరు టెస్ట్ చేశారని పైవాళ్లు అడిగితే కింద ఉన్న పేరు చూపించాను. టెస్ట్ జరిగిన ఆనవాలు లేదు. నాది పొరపాటన్నారు, నడిపి చూడకుండానే పేరు పెట్టిందని ఆమెది మోసమన్నారు. ఇక్కడ ఉద్యోగం పోతే పని చేసుకోనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే దేశం వదలాలి. ఇక్కడే శాశ్వతంగా ఉండటానికి పెట్టుకున్న నా పీఆర్ అప్లికేషన్ అప్పుడు పెండింగ్‌లో ఉంది. భయపడ్డాను. భయమా? ఛీ, స్వార్థం.

పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన రోజుకు ముందు రోజు ఆమె బూన్ లేలో, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో నా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఆ ప్యాచ్ నేను చూసినానా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాల్యా."

"చూశావు కదా హేమా. ఫోన్లో ఓకే అన్నావు. పాప జ్వరం గొడవలో మర్చిపోయుంటావు."

"అట్లయితే నాదే తప్పన్నా. నా వల్ల నీకు గూడా మాటొచ్చె. ఏమనుకోవద్దు."

"పర్లేదులే" అన్నాను. అవును, ఆమెను నేను క్షమించాను!

మర్నాడు ఆమె తప్పు ఒప్పుకుంది. పాస్ రద్దయింది. నాకు పీఆర్ వచ్చింది, పాసిర్ రిస్‌లో ఫ్లాట్ వచ్చింది. ఆమె మళ్లీ ఈ పనిలోకి రాలేదని ఒక స్నేహితుడు చెప్పాడు. తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయిందట. గ్యాస్ కట్టేశానా అని కూతుర్ని అడిగి అడిగి చూసుకుంటుందట. ఉద్యోగమంటే ఇంకోటి దొరికేదేమో. ఇది నేను ఎక్కడి నుంచి తెచ్చివ్వను?

ఆమె నంబరు నా దగ్గరే ఉంది. ఎన్నోసార్లు తీసి చూశాను. చేయలేదు. చేస్తానని మీకు మాటివ్వను, నా సంగతి నాకు తెలుసు.

హేమలత ఆ ప్యాచ్ చూడలేదు. నేను పంపలేదు, ఫోన్ చేయలేదు. ఆ పేరు పెట్టింది నేను.

రాసేశాను. మనసు కాస్త తేలికపడింది. ఆ సుఖం కూడా నాకే దక్కింది.