పోర్ట్ క్లాంగ్‌లో ఏడో ఆట చూసిన ఉదయం

జూన్ మూడో శనివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మలేషియాలోని సుంగై సిపుట్‌లో మా ఇంటి గేటుకు తాళం వేశాను. పోర్ట్ క్లాంగ్ దాకా ప్రయాణం, మర్నాడు సాయంత్రానికి తిరుగు రాక. వెళ్ళేటప్పుడు ఒక్కదాన్ని, వచ్చేటప్పుడు ఇద్దరం. అవసరమైతే అలాగే తీసుకొస్తానని మా అమ్మాయి లతకు మాటిచ్చి బయల్దేరాను.

సంగతేమిటంటే, లత కొడుకు నవీన్‌కి ఇరవై నాలుగేళ్ళు. రెండు సీజన్లుగా ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో గోలు ముందు కాపుకాసే వరసలో ఎడమ అంచున, అంటే ఎడమ బ్యాక్‌గా ఆడుతున్నాడు. ఉండేది పోర్ట్ క్లాంగ్‌లో మా తమ్ముడు సింహాద్రి ఇంట్లో. సీజన్ ముగిసింది. వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని పంపేస్తారో ఆదివారం పది గంటలకు చెబుతామని క్లబ్బు ప్రకటించింది. ఉంచుకుంటే సరే. లేకపోతే వాడు ఆట మానేసి ఇంటికి రావాలి. ఈపోలో ఒక ఫ్యాక్టరీ స్టోర్లో లత వాడికి ఉద్యోగం మాట్లాడి ఉంచింది. సోమవారం పొద్దున్నే చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇది లత, నవీన్, నేను ముగ్గురం కూర్చుని ఒప్పుకున్న మాట. "నేను పిలిస్తే ఏదో ఒక సాకు చెబుతాడమ్మా. నీ దగ్గర అవి చెల్లవు" అని లత నన్ను పంపించింది.

నా ఉత్సాహానికి ఇంకో కారణం ఉంది, దాచడం దేనికి. అదే ఆదివారం అమెరికా బాస్కెట్‌బాల్ ఫైనల్స్‌లో ఏడో ఆట. మూడు వాళ్ళు, మూడు వీళ్ళు గెలిచారు, ఈ ఆటతో కప్పు తేలిపోతుంది. అక్కడి శనివారం రాత్రి మనకు ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. బళ్ళో ఆడిన రోజుల నుంచీ నాకు ఆ ఆటంటే పిచ్చి. డెబ్బై దాటినా దిగలేదు.

ఆరూ యాభైకి రైలు. ఇటుగా వెళ్ళదలచుకున్నవారికి రెండు మాటలు: శనాదివారాల్లో సీట్లు ముందే నిండిపోతాయి, కాబట్టి వారం ముందు టికెట్టు తీసుకోండి. అరవై దాటినవారికి సగం ధరే. పెట్టెలో చలి విపరీతం, శాలువా మరవకండి. నేను శాలువా తెచ్చుకున్నాను, గొడుగు కూడా తెచ్చుకున్నాను.

పక్క సీటులో ఒక మలయ్ యువకుడు ఈపో దాటేవరకు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ఏమిటంత చదువుతున్నావని అడిగాను. ఇంగ్లీషు ఫుట్‌బాల్‌లో ఎవరు ఏ క్లబ్బుకు మారుతున్నారన్న వార్తలట. తన జట్టు ఒక గోల్‌కీపర్‌ని, ఇద్దరు ఫార్వర్డులను కొంటోందని మెరిసే కళ్ళతో చెప్పాడు. ఇదంతా నిజమేనా అన్నాను.

"సగం నిజం లా, మాక్‌చిక్. సగం మా ఆశ" అన్నాడు నవ్వుతూ. మాక్‌చిక్ అంటే వాళ్ళ భాషలో పిన్నిగారు, లా అనేది ఇక్కడ అందరి మాట చివరా వచ్చే ఊతపదం. తర్వాత నా జట్టేదో అడిగాడు. బాస్కెట్‌బాల్‌లో ఎర్రచొక్కాలు అన్నాను. ఫుట్‌బాల్ సంగతి ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో చెప్పాలి. మా వాళ్ళలో ఒక అలవాటుంది. మంచి జరగబోతున్నప్పుడు, జరిగేదాకా పైకి అనరు. దిష్టి తగులుతుందని. సంబంధం కుదిరినా తాంబూలాలు పుచ్చుకునే దాకా పక్కింటివాళ్ళకు తెలియదు. ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు పనులకు వచ్చినప్పుడు ఓడలో తెచ్చుకున్నవాటిలో ఇదొకటి. భాష అరిగిపోతోంది గాని ఇది అరగలేదు.

పదికి ముందే కౌలాలంపూర్‌లో కె.ఎల్. సెంట్రల్. అక్కడ రొట్టి, కాఫీ. పదీ ఇరవైకి పోర్ట్ క్లాంగ్ వెళ్ళే కమ్యూటర్ ఎక్కాను. మధ్యలో ఆడవాళ్ళ పెట్టె ఉంటుంది, అందులో కూర్చుంటే హాయి. పదకొండున్నరకు చివరి స్టేషన్‌లో దిగేసరికి ఎండ మండిపోతోంది. గొడుగు కోసం చూస్తే చేతిలో లేదు. నేను దిగగానే తలుపులు మూసుకున్నాయి.

సింహాద్రి స్కూటర్ మీద వచ్చాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్న, గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పట్నుంచీ నేను ఎటుంటే వాడు అటు ఉండడు. ఇప్పుడు వాడిది నీలిచొక్కాల జట్టు. ఇంట్లో సామాను దించకముందే మొదలుపెట్టాడు.

"నీ ఎర్రోళ్ళకి మోకాళ్ళ నొప్పులు అప్పా. ఆల్లని ఆస్పత్రికి పంపాల గాని ఫైనల్‌కా?"

మా ఇళ్ళలో అక్కని అప్ప అంటారు. "మీ వాళ్ళకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు" అన్నాను. ఆ పూట చేపల పులుసుతో భోజనం. నవీన్ తక్కువ తిన్నాడు, తక్కువ మాట్లాడాడు. సాయంత్రం సముద్రం ఒడ్డుకు పరుగుకి వెళ్ళాడు. ఏమైనా అంటాడేమోనని చూశాను. తిరిగొచ్చి నేరుగా స్నానానికి పోయాడు. నేనూ అడగలేదు.

ఆదివారం ఎనిమిదింటికల్లా సింహాద్రి నన్ను తన అడ్డాకి తీసుకెళ్ళాడు. స్టేషన్‌కు రెండు వీధుల అవతల ఒక మామక్ కొట్టు, అంటే తమిళ ముస్లిములు నడిపే ఫలహారశాల. గోడకు పెద్ద టీవీ. రాత్రి డ్యూటీ దిగిన పోర్టు మనుషులు అప్పటికే నిండిపోయారు. మేం వెళ్ళిన బల్ల దగ్గర ఇద్దరున్నారు: కంటైనర్ లారీ నడిపే మురుగన్, బళ్ళో బాస్కెట్‌బాల్ నేర్పి రిటైరయిన అ సెంగ్. మా అప్ప, ఆట చూడ్డానికి వచ్చిందని సింహాద్రి పరిచయం చేశాడు. అంతే. నవీన్ మాట రాలేదు, వాడు మా పిల్లాడని సింహాద్రి అక్కడ ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

ఆట మొదలైంది. నీలివాళ్ళు గాలిలా పరిగెత్తారు, ఎర్రవాళ్ళు రింగుకి తగిలి వెనక్కొచ్చే రీబౌండ్లు నింపాదిగా పట్టారు. మురుగన్ తమిళంలో, అ సెంగ్ మలయ్‌లో, సింహాద్రి తెలుగులో అరుస్తుంటే ఒకరి మాట ఒకరికి అందకపోవడం అంటూ లేదు. వచ్చే ఏడాది కప్పు ఎవరిదన్న వాదన ఈ ఏడాది కప్పు తేలకముందే లేచింది. సింహాద్రి నీలిజట్టు వరసగా మూడేళ్ళు గెలుస్తుందన్నాడు. అ సెంగ్ ఈ ఇద్దరూ కాదు, బెంచీ మీద ఎనిమిదిమంది మంచి ఆటగాళ్ళున్న మూడో జట్టొకటి ఉందన్నాడు. అదీ సెమీస్‌లో ఓడిన జట్టే కదా అని మురుగన్ ఎద్దేవా చేశాడు. నేను పొరల పరోటా లాంటి రొట్టి చనాయ్ రెండు తిన్నాను, డాక్టరు ఒకటే తినమన్నాడు.

సగం ఆటకి ఎర్రజట్టు నాలుగు పాయింట్ల ముందు. తొమ్మిదీ నలభై అయింది. విరామంలో మురుగన్ ఫోన్ తీసి, ఇంకో ఇరవై నిమిషాల్లో మన క్లబ్బు జాబితా అన్నాడు. బల్లంతా ఫుట్‌బాల్‌లోకి దూకింది. గోల్‌కీపర్ ఉండాలి. కెప్టెన్ వయసైపోయాడు గాని ఉండాలి.

"ముందు ఆ ఎడమ బ్యాక్‌ని పంపాలి" అన్నాడు మురుగన్. "పదిహేడో నంబరు. మంచి కుర్రాడే. కానీ అంచున దూసుకొచ్చే వింగర్ ఒకసారి దాటితే మళ్ళీ అందుకోలేడు లా."

సింహాద్రి నోరు తెరిచాడు. బల్ల కింద వాడి కాలి మీద నా కాలు పెట్టాను. మూశాడు.

నేను మటుకు ఊరుకోలేకపోయాను. ఆఖరి ఆటలో పెనాల్టీ ఇచ్చాడనే కదా మీ కోపం, బంతి పోగొట్టింది వెనక వరసలో మధ్యవాడు, అడ్డం వెళ్ళడానికి మిగిలింది ఆ కుర్రాడొక్కడే అన్నాను. నేను ఫోన్‌లో చూడని ఆట లేదు. మురుగన్ ఆసక్తిగా నావైపు తిరిగాడు. తను ఊళ్ళో జరిగిన ఆటలన్నీ లారీ నిలబెట్టి మరీ చూశానని, మధ్యవాడి తప్పు ఒప్పుకుంటానని చెప్పాడు.

"కానీ పాట్టీ, మీరు ఆట చూసి మాట్లాడుతున్నారా, ప్రేమతో మాట్లాడుతున్నారా?"

పాట్టి అంటే తమిళంలో అవ్వ. నేను టీ గ్లాసు అందుకున్నాను. మోకాలి దెబ్బ తర్వాత నవీన్ అరడుగు ఆలస్యంగా తిరుగుతున్నాడని నేనూ చూశాను. ఆ మాట లతతో కూడా అనలేదు.

మూడో భాగం నడుస్తోంది. ఎర్రజట్టు తొమ్మిది పాయింట్ల ముందు. కొట్టులో సగంమంది టీవీని, సగంమంది ఫోన్లని చూస్తున్నారు. పది కొట్టింది. మురుగన్ పేర్లు పైకి చదివాడు. గోల్‌కీపర్, కెప్టెన్, వరసగా మిగతావాళ్ళు. ప్రతి పేరుకీ ఎవరో ఒకరు బల్ల చరిచారు. పదహారో నంబరు తర్వాత పద్ధెనిమిదో నంబరు చదివాడు.

నేను టీ గ్లాసు కింద పెట్టి వాకిలి వైపు తిరిగేసరికి నవీన్ అక్కడే ఉన్నాడు. కోచ్ ముందే ఫోన్ చేశాడట. చెమటకు తడిసిన చొక్కాతో నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"లేదు అమ్మమ్మా."

"విన్నాను. కూచో."

మురుగన్ లేచి నిలబడ్డాడు. నన్నూ వాడినీ మార్చి మార్చి చూశాడు. "ముందే చెప్పొచ్చు కదా పాట్టీ" అన్నాడు.

"చెబితే నువ్వు నిజం చెప్పేవాడివా?" అన్నాను.

నవీన్ మురుగన్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "నువ్వు సెప్పింది రైటే అన్నా. నాకూ తెలుసు లా" అన్నాడు తెలుగు సగం, తమిళం సగం కలిపి. మురుగన్ నాలుగు టీ గ్లాసుల్ని, గోలు ముందు కాపుకాసే నలుగురిలా, బల్ల మీద వరసగా పెట్టాడు. క్లబ్బు నిన్ను పంపాలన్నాను గాని ఆట మానమనలేదు అని, అంచున ఉన్న గ్లాసుని మధ్యలోకి జరిపాడు. అంచున పరుగు కావాలి, మధ్యలో ఎత్తు కావాలి, బంతి ఎటొస్తుందో ముందే పసిగట్టే కళ్ళు కావాలి, ఆ రెండూ నీకున్నాయి అన్నాడు. అ సెంగ్ ఒప్పుకోలేదు. మధ్యలో ఆడేవాడికి గొంతుండాలి, ఈ కుర్రాడు మైదానంలో నోరు విప్పడన్నాడు. ముగ్గురూ కలిసి గ్లాసులు జరపసాగారు. ముందురోజు నుంచీ ముడుచుకుపోయిన నవీన్ గ్లాసుల మీదికి వంగి, చేతులు ఊపుతూ వాదిస్తున్నాడు.

"తెలుక్ ఇంటాన్ కోచ్ కూడా మధ్యలోనే ఆడమన్నాడు" అన్నాడు ఆ ఊపులో. అని, నాలిక కరుచుకున్నాడు. సింహాద్రి పైకప్పు వైపు చూశాడు.

"ఏ కోచ్?" అన్నాను.

అప్పుడు బయటపడింది. తెలుక్ ఇంటాన్‌లో ఒక చిన్న క్లబ్బు పది రోజుల కిందటే పిలిచింది. మంగళవారం నాలుగింటికి పరీక్ష ఆట. మధ్యవాడు కావాలట. లతకు తెలియదు, నాకు తెలియదు. తెలిసుంటే సోమవారం ఉద్యోగానికి మేం ఒప్పుకునేవాళ్ళం కాదు.

"సెప్పలేదేటి?" అని తమ్ముడి మీద పడ్డాను.

"జరక్కముందే సెబితే దిష్టి తగల్దా అప్పా? నువ్వే కదా నేర్పినావు" అన్నాడు. ఒకే బల్ల దగ్గర ముగ్గురం, ఒకే కుర్రాడి సంగతి, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుని కూర్చున్నాం. మురుగన్‌కి తమిళంలో చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు.

ఈలోగా కొట్టులో హోరు. ఎర్రజట్టు ఆధిక్యం కరిగిపోయింది. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటే ముందుంది. అందరం లేచి నిలబడ్డాం. నవీన్ నా భుజం పట్టుకున్నాడు, నేను వాడి చొక్కా పట్టుకున్నాను. నీలిజట్టు కుర్రాడు ఇద్దరి మధ్యలోంచి దూరి బంతి వేశాడు, అది రింగు మీద ఒకసారి తిరిగి లోపలికి పడింది. మావాళ్ళ చివరి షాట్ రింగుకి తగిలి బయటకు పోయింది. ఒక్క పాయింటుతో ఓటమి. సింహాద్రి బల్ల ఎక్కబోతే కొట్టువాడు దింపాడు. అరిచి అరిచి నాకు గొంతు పోయింది. అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు.

కాస్త సద్దుమణిగాక నవీన్‌ని అడిగాను. "మధ్యలో ఆడగలవా? ఆశతో కాదు, చూసి చెప్పు."

వాడు గ్లాసుల వైపు చూశాడు. "ఆడగలను అమ్మమ్మా. మంగళారం కాలు ఒప్పుకోకపోతే నేనే వచ్చేస్తాను. నువ్వు రానక్కర్లేదు."

"అయితే బట్టలు సర్దకు" అన్నాను.

ఒంటిగంటకు కమ్యూటర్. మురుగన్ కూడా స్టేషన్‌కి వచ్చాడు, మంగళవారం తెలుక్ ఇంటాన్ వైపు లోడు దొరుకుతుందేమో చూస్తానన్నాడు. కె.ఎల్. సెంట్రల్ నుంచి లతకు ఫోన్ చేశాను. అంతా వింది. "ఇద్దరు వస్తారన్నావు" అని పెట్టేసింది. మూడింటికి ఈపో వైపు రైలు కదిలింది. పక్కన బట్టల కొట్టు నడిపే ఒక తమిళావిడ. ఎక్కడికెళ్ళి వస్తున్నారని అడిగింది. మామూలుగా అయితే తమ్ముడింటికి అని ఊరుకునేదాన్ని.

"మా మనవడు ఫుట్‌బాల్ ఆడతాడండీ. మంగళవారం తెలుక్ ఇంటాన్‌లో పరీక్ష. మధ్యలో ఆడబోతున్నాడు" అన్నాను, బొంగురు గొంతుతో, ముందు సీటువాళ్ళు తిరిగి చూసేటంతగా.

తంజుంగ్ మాలిమ్ దాటాక లత నుంచి సందేశం వచ్చింది: "మంగళవారం ఎన్నింటికి?"

రానూపోనూ రైళ్ళు వేళకే నడిచాయి. ఆట చూసే ఉద్దేశంతో వెళ్ళేవారు ఎనిమిదికి ముందే కొట్టులో ఉండాలి, తర్వాత కుర్చీ దొరకదు. ఈ ప్రయాణంలో పోయినవి: కమ్యూటర్‌లో ఒక గొడుగు, ఒక్క పాయింటుతో ఒక ఫైనల్, నవీన్‌కి పదిహేడో నంబరు చొక్కా, ఈపోలో ఒక ఉద్యోగం, మా అమ్మాయికి నేనిచ్చిన మాట.