ఫిజిక్స్ సారు నేర్చుకున్న జువాలజీ

మా కాలేజీలో ఫిజిక్స్ సారంటే నాకు ఒళ్ళు మంట. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయన అధ్యాపకుల సంఘానికి కార్యదర్శి. నేను జువాలజీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. కాంట్రాక్టు వాళ్ళని పర్మినెంట్ చెయ్యకూడదని, అలా చేస్తే పరీక్ష రాసి వచ్చినవాళ్ళకి అన్యాయం జరుగుతుందని సంఘం ఒక తీర్మానం చేసింది. దాన్ని మైకు పట్టుకుని చదివింది ఈయనే. ఆ రోజు నుంచి ఆయన స్టాఫ్ రూములోకి వస్తే నేను పేపరు అడ్డం పెట్టుకునేదాన్ని. నమస్కారం పెడితే తల ఊపేదాన్ని, అంతే.

కాలేజీ గుంటూరు ఊరి చివర ఉండేది. గోడ అవతల కారం మిల్లు. గాలి ఇటు తిరిగిందంటే మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా దగ్గులూ తుమ్ములూ. పాఠం ఆపేసి, ముక్కు తుడుచుకుని, గాలి మళ్ళాక మొదలుపెట్టేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళు తప్ప ఎవరూ దాన్ని పట్టించుకునేవాళ్ళు కాదు.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది నాకు ఏడో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపు. అంతకుముందు రెండుసార్లు పోయింది. రెండోసారి పోయినప్పుడు నేను మూడు నెలలు ఎవరింట్లోనూ పేరంటానికి వెళ్ళలేదు. అందుకని ఈసారి డాక్టరమ్మ ఏం చెప్పినా తు.చ. తప్పకుండా చేస్తున్నాను. ఆవిడ ఒకరోజు కళ్ళజోడు తీసి మరీ చెప్పింది. "ఈ జ్వరం గర్భిణులకి వస్తే కష్టమమ్మా. గుంపులోకి వెళ్ళొద్దు. ముఖ్యంగా నువ్వు."

నేనుండేది పెదకాకాని. కాలేజీకి రావాలంటే షేర్ ఆటో ఎక్కాలి. డ్రైవరుకి అటొకరు, ఇటొకరు, వెనక ఇంకో ఏడుగురు. దిగాక అరవైమంది పిల్లలున్న క్లాసు. గుంపు కానిది ఎక్కడుంది?

హాస్టల్లో ముగ్గురు పిల్లలకి జ్వరం రావడంతో కాలేజీ మూసేశారు. పదిరోజులు తిరక్కుండానే సోమవారం నుంచి తెరుస్తున్నామని కబురొచ్చింది. పక్క ప్రైవేటు కాలేజీలు క్లాసులు నడిపేస్తున్నాయి, మన పిల్లలు వెనకబడిపోతారని కాలేజీ నడిపే కమిటీ వాళ్ళ తొందర. కాంట్రాక్టు వాళ్ళకి మాత్రం అదనంగా ఇంకో మాట చెప్పారు. సోమవారం రానివాళ్ళ స్థానంలో వేరేవాళ్ళని తీసుకుంటారట. అంటే నా ఏడేళ్ళ సర్వీసు గంగలో కలిసినట్టే. మా ఆయన పురుగుమందుల కొట్లో గుమాస్తా. ఇల్లు నడిచేది ఎక్కువగా నా జీతం మీదే. "మానెయ్, చూసుకుందాం" అన్నారాయన. ఏం చూసుకుంటామని నేను గయ్యిమన్నాను. సోమవారం వెళ్ళాలనే నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

సోమవారం వస్తామని సంతకాలు పెట్టడానికి శనివారం స్టాఫ్ అందరినీ రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి సంఘం వాళ్ళ మీటింగు ఫిజిక్స్ లాబులో జరుగుతోంది. ఎజెండా ఏమిటంటే, కాలేజీ తెరిస్తే జబ్బు అంటకుండా ఏం చెయ్యాలి. ప్రిన్సిపాలుగారికి వినపడకూడదని తలుపులూ కిటికీలూ బిగించుకుని, నలభైమంది భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. ఒకటే స్టీలు జగ్గు, ఒకటే గ్లాసు, చేతులు మారుతూ తిరుగుతోంది. "ఈ క్రిమి సంగతి జువాలజీ వాళ్ళకే తెలుస్తుంది, ఆ అమ్మాయిని పిలవండి" అన్నారట ఎవరో. అటెండరు తలుపు తీశాడు. ఆ దృశ్యం చూసి నాకు నవ్వాగలేదు.

"ముందు ఆ గ్లాసు కింద పెట్టండి సార్. కిటికీలు తియ్యండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

అందరూ ఒక్కసారి గ్లాసు వంక చూశారు. అప్పుడే తాగిన హిస్టరీ మాస్టారు మింగాలో వద్దో తెలియక నోట్లోనే పెట్టుకున్నారు.

నేను లోపలికి అడుగు వెయ్యబోతే ఫిజిక్స్ సారు చెయ్యి అడ్డం పెట్టారు. "మీరు అక్కడే ఉండండమ్మా. లోపలికి రావద్దు."

నాకు చర్రున మండింది. మెంబరు కానిదాన్ని కదా, గడప తొక్కకూడదు కాబోలు అనుకున్నాను. ఆయన ఒక కుర్చీ తెచ్చి వరండాలో గాలి తగిలేచోట వేసినా నాకు విషయం వెలగలేదు. కోపంలో ఉన్న మనిషికి కుర్చీ కూడా అవమానంగానే కనిపిస్తుంది.

కోరికలు రాశారు. కుళాయిల్లో నీళ్ళు, సబ్బులు, బెంచీకి ఇద్దరే, జ్వరం వస్తే ఇంట్లో ఉండే హక్కు, దానికి హాజరు కోతపడకూడదు. దగ్గేవాళ్ళని వెంటనే ఇంటికి పంపాలని ఒకరు చేర్చబోయారు. "మిల్లు నడిచేరోజు దగ్గేవాళ్ళని పంపించేస్తే, ఇక్కడ మిగిలేది నోటీసు బోర్డొక్కటేనండీ" అన్నారు ఫిజిక్స్ సారు. దగ్గు తీసేసి జ్వరం ఒక్కటీ ఉంచారు.

ప్రిన్సిపాలుగారు చెడ్డవారు కాదు, భయస్తులు. వరండాలో అందరి ముందూ కాగితం చేతికిస్తే అన్నింటికీ టిక్కు పెట్టి చివరిదాని దగ్గర ఆగారు. అందులో నా గురించి ఉంది. జువాలజీ లెక్చరర్ని కాన్పు అయ్యేదాకా రమ్మనకూడదు, ఆ పోస్టులో ఎవర్నీ తీసుకోకూడదు. అలా రాశారని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఈవిడ మీ మెంబరు కాదు గదండీ" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"కాదండి. ఆవిణ్ణి పర్మినెంట్ చెయ్యొద్దని రాసింది కూడా నేనే. అది వేరు, ఇది వేరు."

"మరి క్లాసులెవరు తీసుకుంటారు? సిలబస్ ఆగితే కమిటీ నా పీక మీద కూర్చుంటది."

ఫిజిక్స్ సారు నీళ్ళు నములుతూ, "నేను చెప్తానండి" అన్నారు.

స్టాఫంతా గొల్లున నవ్వారు. ప్రిన్సిపాలుగారు కూడా నవ్వి, ఆ నవ్వులోనే సంతకం పెట్టేశారు. జీతం రాదు, పోస్టు పోదు, సర్వీసులో సెలవని రాస్తారు. ఆయనకి కనీసం థాంక్సయినా చెప్పకుండా ఇంటికొచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సోమవారం సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో ఫోన్ మోగింది. "అమ్మా, బొద్దింకకి గుండె ఎక్కడుంటది?"

అలా మొదలైంది. రోజూ ఏడింటికి ఫోను. మర్నాటి పాఠం నేను చెప్పేదాన్ని, ఆయన నోట్సు రాసుకునేవారు. ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి, నా దగ్గర ఫస్టియర్ పిల్లాడిలా కూర్చున్నారు. గుండె పాఠం చెప్పిన రోజు నాకే ఎదురు చెప్పారు. "ఇది పంపింగేనమ్మా, మోటారు లెక్క. ప్రెజర్ లెక్కల్లో చెప్తే ఇంకా బాగా ఎక్కుతుంది" అన్నారు. బాగా ఎక్కిందని పిల్లలు తర్వాత చెప్పారు. ప్రత్యుత్పత్తి వ్యవస్థ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫోనులో గబగబా పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. చివరికి, "ఇది కెమిస్ట్రీ మేడమ్ చూసుకుంటారులేమ్మా, మనం తర్వాతదానికి పోదాం" అన్నారు. నేను పెట్టేశాక పొట్ట పట్టుకుని నవ్వాను. లోపలి బిడ్డ కూడా ఒక తన్ను తన్నింది.

మధ్యలో ఒక పదిరోజులు ఆయన పరధ్యానంగా ఉన్నారు. చెప్పిందే మళ్ళీ అడిగేవారు. దగ్గేవారు. ఏంటి సార్ అంటే, "ఏముంది, మిల్లు గాలి" అనేవారు. ఒకరోజు ఎనిమిదిసార్లు ఒకటే అడిగితే విసుగొచ్చి, "కాస్త శ్రద్ధగా వినండి సార్, పిల్లల భవిష్యత్తు" అని మందలించాను కూడా. "తప్పేనమ్మా, మళ్ళీ చెప్పండి" అన్నారు.

నాకు ఆడపిల్ల పుట్టింది. నల్లగా, గట్టిగా, ఆసుపత్రి లేచిపోయేలా ఏడుస్తూ పుట్టింది. అంత అందమైన చప్పుడు నేను అంతకుముందు వినలేదు.

పాపకి మూడో నెల వచ్చాక మళ్ళీ కాలేజీలో చేరాను. పిల్లలు చుట్టూ మూగారు. సార్ బాగా చెప్పారా అని అడిగాను. "బాగా చెప్పారు మేడమ్. ఆయనకి ఆ జ్వరం వచ్చిన పదిరోజులూ కెమిస్ట్రీ మేడమ్ ఆయన నోట్సు చూసి చెప్పారు" అన్నారు.

ఏ జ్వరమని అడిగితే వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నాకు చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకున్నారట. తెలిస్తే నేను పొట్టేసుకుని ఆటో ఎక్కి వచ్చేస్తానని ఆయన భయం. నిజమే, వచ్చేసేదాన్ని.

ఆ ఆదివారమే పాపని ఎత్తుకుని, మా ఆయన్ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన బజారుకి వెళ్ళారు. వాళ్ళావిడ పాపని చేతుల్లోకి తీసుకుని, మొహం అంతా నిమిరి, నవ్వడం మొదలుపెట్టింది. "ఈ పిల్ల గురించి మీ సారు ఎంత హడావిడి చేశారో తెలుసా అమ్మా! మంచం మీద నుంచి లేవలేని మనిషి ఏడయ్యేసరికి లేచి కూర్చునేవారు. మూతికీ ముక్కుకీ రుమాలు గట్టిగా బిగించుకుని, అప్పుడు మీకు ఫోన్ చేసేవారు."

"ఫోన్ చెయ్యడానికి రుమాలెందుకండీ?"

"నేనూ అదే అడిగా. ఫోన్లో జబ్బు ఎక్కడైనా అంటుతుందా, మీరు ఫిజిక్స్ చెప్తారు గదా అన్నా. 'అంటదని నాకూ తెలుసు. కానీ కడుపుతో ఉన్న పిల్ల, మనకెందుకొచ్చిన గొడవ' అని రుమాలు ఇంకో ముడేసేవారు."

ఆయన కూరగాయల సంచీతో గేటు తీసుకుని లోపలికి వస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను, నమస్కారం పెడదామని. చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను, ఇంక నమస్కారం ఎక్కడ పెట్టను?