తీసేసినా తిరిగొచ్చే ప్లగిన్

పొద్దున జగిత్యాలలో ఇంటి నుంచే పని చేసుకుంటుంటే, నేను కోడ్ రాసే ఎడిటర్‌లో అక్షరాలు ఉన్నట్టుండి పెద్దవయ్యాయి. నేనెప్పుడూ పెట్టని ప్లగిన్ ఒకటి, ఎడిటర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, కనిపించింది. తీసేశాను. పది నిమిషాల్లో మళ్లీ వచ్చింది. మూడుసార్లు అదే తంతు. సెట్టింగ్స్ అన్నీ వెతికితే తేలింది: నా అకౌంట్ ఇంకో లాప్‌టాప్‌లో కూడా తెరిచి ఉంది, అక్కడ మార్చినవన్నీ ఇక్కడికి వస్తున్నాయి. అది పోయిన నెల నేను కోరుట్ల షాపులో అమ్మిన పాత లాప్‌టాప్.

షాపాయనకు ఫోన్ చేశాను.

“ఫార్మాట్ కొట్టినంకనే అమ్మినవా అన్నా?”

“లేదు మేడం. కొన్నాయన ఏం తీయొద్దు, ఉన్నది ఉన్నట్టే ఇయ్యమన్నడు.”

పాస్‌వర్డ్ మార్చాను, ప్లగిన్ మళ్లీ రాలేదు. అయినా తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను. మా ఇంటి అడ్రస్ కూడా ఆ పాత లాప్‌టాప్‌లోనే ఉంది.

మీ పాత లాప్‌టాప్ ఎవరు కొన్నారో మీకు తెలుసా?