బావకి రాసిపెట్టిన అర్జీ

ఇన్నేళ్లుగా ఇది గుండెలో బండరాయిలా ఉంది. మా ఆవిడకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

అరవైల చివరి మాట. వానల్లేవు, చోడి చేలు, అదే రాగి చేలు, ఎండిపోయాయి. నేను ఎస్సెల్సీ ప్యాసై ఇంట్లో తిని కూర్చున్నాను. మా అక్కని చేసుకున్న సూర్నాయుడు బావ సాలూరులో ఒక లారీ షెడ్డులో నాలుగేళ్లు విడిభాగాల సామాన్లు చూశాడు. ఏ లారీకి ఏ సామాను పడుతుందో అతనికి కొట్టిన పిండి. షెడ్డు మూతపడింది. కడుపుతో ఉన్న అక్కని తీసుకుని మా ఇంటికే వచ్చేశాడు.

గరివిడి వైపు ఒక ఫ్యాక్టరీలో లారీ సామాన్ల గదికి గుమస్తా కావాలన్నారు. ఒక్కటే ఉద్యోగం. ఇద్దరం అర్జీ పెట్టుకుందాం, ఎవరికొచ్చినా పొయ్యి వెలుగుతుంది అన్నాడు బావ. ఇంగ్లీషులో రాయడం నాకే వచ్చు.

మా వైపు అర్జీ అంటే మొర. తండ్రి ముసలివాడు, పంట పోయింది, తమరి పాదాలే గతి. అందరం అలాగే రాసేవాళ్లం. కానీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆఫీసు మనిషి ఒకాయన నాతో అన్నాడు, కష్టాలు రాస్తే చదవరు, చేసిన పని రాయమని. ఆ మాట బావకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మరిచిపోయానా? లేదు. దారి పొడుగునా అదే తలుచుకుంటూ ఇంటికొచ్చాను.

బావ అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

“ఒరే, సాలూరు షెడ్డు సంగతి ముందు రాయరా. నాకున్నాది అదొక్కటే కదా.”

“అది సూసి ఆళ్లేటి సేస్తారు బావా? కష్టం సెప్పుకుంటే జాలిపడతారు.”

“నీకు తెలుస్తాది. నీకెలా తోస్తే అలాగే రాయి.”

రాశాను. తెలుగులో చదివి వినిపించాను. “నా కష్టాలే అయినా ఏడుపొస్తన్నాదిరా” అని కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు.

మరి నా అర్జీలో ఏం రాశానో తెలుసా? సాలూరు. లారీ షెడ్డు. నాలుగేళ్లు. బావ నోట విన్న సామాన్ల పేర్లన్నీ నా పేరు కింద దించేశాను. మూతపడ్డ షెడ్డు గురించి ఎవరూ వాకబు చెయ్యలేదు. ఉద్యోగం నాకొచ్చింది.

బావ అదే ఫ్యాక్టరీలో ఖనిజపు రాయి మోసే కూలికి కుదిరాడు. నేనే చెప్పి పెట్టించాను, సిగ్గులేకుండా. తట్టలు మోసి మోసి అతని నడుం పడిపోయింది.

ఆకలి చేయించింది అనుకుంటాను ఒక్కోసారి. ఆకలి అతనికి లేదా? నిండు నెలల్లో ఉన్న మా అక్కకి లేదా? ఛీ, ఏం మనిషిని నేను!

బావ ఇప్పుడు మంచం దిగలేడు. మొన్న చూడ్డానికి వెళ్తే, పదిమందిలో నా చెయ్యి పట్టుకుని, “ఈడు లేకపోతే నాకా కూలి కూడా దొరికీది కాదు” అన్నాడు. నేను తలూపాను. నిజం చెబితే తట్టుకోలేడని ఊరుకున్నానా, నన్ను అసహ్యించుకుంటాడని ఊరుకున్నానా? రెండోదే.

ఆ ఉద్యోగం మా బావది. నేను దొంగిలించాను. రాసేశాను. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది.