అవ్వను పోడు గురించి అడిగిన మొదటి ప్రశ్న

నేను మానుకోటలో బట్టల దుకాణంలో పనిచేస్తాను. ఇంటర్‌తోనే చదువు ఆగిపోయింది. మా ఇంటి పైగదిలో అద్దెకు దిగిన జనగామ అక్క మాత్రం పీహెచ్‌డీ చేస్తోంది. సర్కారు మాటను జనం ఎందుకు వింటారు, ఎప్పుడు వినరు అన్నది ఆమె పరిశోధన. పుస్తకాలు చదివితే సరిపోదట, మనుషుల్నే అడగాలట. నాకు నోరెక్కువ, పైగా కొత్తగూడ దగ్గర మా పెద్దమ్మ ఉంటుంది. అందుకే నన్ను వెంటబెట్టుకుపోయింది.

పెద్దమ్మ ఊరి పక్క గూడెంలో, అడవి అంచున ఒక అవ్వ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. అక్క అవ్వను అడిగే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టింది. తేలికైన ప్రశ్నతో మొదలుపెడితే ఎదుటివాళ్ల బెరుకు పోతుందని ఆమెకు నేర్పారట.

"అవ్వా, మీకు భూమి ఎక్కడుంది, ఎంతుంది?"

"పట్టా ఏడిది బిడ్డా? అడవి కొట్టుకున్న పోడే. గా వాగు అవతల, ఇప్పచెట్ల కాడ."

అంతలో అవ్వ కొడుకు పెరట్లోంచి వచ్చాడు. "ఎవరు మీరు? ఫారెస్టోళ్లా?"

"కాదన్నా, చదువుకునేటోళ్లం," అన్నాను నేను.

"చదువుకునేటోళ్లకు మా పోడుతోటి ఏం పని? పోయినేడు గూడ ఇద్దరొచ్చి గిట్లనే తియ్యగ ముచ్చట పెట్టిపోయిండ్రు. ఎనుకనే ఫారెస్టోళ్లు చేనుకు అడ్డంగ కందకం తవ్విండ్రు."

ఇరుగుపొరుగు గుమిగూడారు. నాకు భయమేసింది. కొడతారని కాదు. అవ్వ చేను ఎక్కడుందో అవ్వ నోటితోనే ఆ ఫోన్‌లోకి ఎక్కింది. అది ఎవరి చేతిలోనైనా పడితే?

"గా ఫోన్ల నా గొంతున్నదా బిడ్డా? జర తీసెయ్," అంది అవ్వ.

అక్క అందరికీ చూపిస్తూ తీసేసింది.

"పోయిందో లేదో మాకేం ఎరుక? నీ ఫోను, నీ ఇష్టం," అన్నాడు కొడుకు. మేం లేచి బస్సు కోసం నడిచాం.

బస్సెక్కాక నేనే అడిగాను. "అక్కా, నిజంగనే పోయిందా?"

అక్క ఫోన్ తెరిచి చూసి గతుక్కుమంది. ఆ రికార్డింగ్‌ను ఫోన్ దానంతటదే నెట్‌లో కూడా దాచింది. వెంటనే దాన్నీ తీసేసింది.

"ఇంకేడన్న ఉన్నదా?"

"నాకూ తెల్వది చెల్లీ."

భూమి ఎక్కడుందన్న ఆ ప్రశ్నను అక్క మళ్లీ ఎవరినీ అడగలేదు. నాకు మాత్రం కొత్తగూడ వైపు జీపు పోతే చాలు, అది ఫారెస్టోళ్లదేమోనని తొంగి చూస్తాను. ఈ వానలు పడగానే ఉండబట్టలేక పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, వాగు అవతల అవ్వోళ్ల పోడు దున్నిండ్రా?"



"దున్నిండ్రు గని, నువ్వెందుకడుగుతున్నవ్? నిన్నెవలన్న అడగమన్నరా?"