బి వరుస ప్రేక్షకులు

సాయంత్రం ఆరు దాటి పావుగంట. క్రిస్మస్ రోజు. సీతాఫల్‌మండి మీద పొద్దున్నుంచీ మబ్బు పట్టింది. చలిగాలి చొక్కాకి లేని బొత్తాల సందులోంచి దూరి జకర్యా పక్కటెముకలను ఒక్కొక్కటే తడుముతోంది. గూడ్స్ షెడ్డులో రెండు వ్యాగన్ల సిమెంటు దించి వస్తున్నాడతను. పొద్దున తిన్న రెండు బన్నులు మొదటి వ్యాగన్‌కే అయిపోయాయి. గదిలో బియ్యం ఉన్నాయి కానీ ఒక్కడి కోసం స్టవ్వు వెలిగించాలంటే ఒళ్లు వంగదు. పెళ్లాం రోసమ్మ పక్షవాతంతో పడిపోయిన తల్లిని చూసుకోవడానికి గుడివాడ వెళ్లి అప్పటికి ఏడాది. వీధిలో ప్రతి ఇంట్లోనూ పాటలు, ప్రతి కిటికీలోంచీ పలావు వాసన. జకర్యా ఆ వాసనలన్నీ దాటుకుంటూ తల వంచుకుని పోతున్నాడు.

అప్పుడు పడింది మొహం మీద టార్చిలైటు.

"ఒక్కడివేనా?" అంది లైటు వెనకనున్న గొంతు.

"ఒక్కణ్నే. ఏందన్నా?"

"బి-నాలుగు. చీకట్లో మెట్టు ఉంది, చూసుకుని రా."

ఆ గొంతు యేసురాజుది. ఆయన్ను అందరూ టార్చిరాజు అనేవాళ్లు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. టీవీలో గంపరాయుడు వచ్చే రోజున వీధిలో మనుషులను పట్టుకొచ్చి కూర్చోబెట్టి, టీవీకి వీపు పెట్టి నిలబడి, ఆ అరగంటసేపూ వాళ్ల మొహాలు చూసేవాడు.

గంపరాయుడంటే తెలియనివాళ్లుండరు. పిల్లల మాసపత్రిక చివరి పేజీలో ఇరవయ్యేళ్లుగా వచ్చిన బొమ్మల కథ. తల మీద గంప బోర్లించుకున్న కుర్రాడు, గంప సందుల్లోంచి రెండు కళ్లు, వెంట ఒక మేక. ఎక్కడికి బయల్దేరినా ఆలస్యంగానే చేరతాడు. ఆ బొమ్మలకు ప్రాణం పోసి, ఏడాదికి మూడు సార్లు, ఉగాదికీ దీపావళికీ క్రిస్మస్‌కీ, సాయంత్రం ఆరున్నరకు టీవీలో అరగంట కార్టూన్ వేసేవాళ్లు. పిల్లల కోసమే వేసేవాళ్లు. యేసురాజు గదిలోకి మాత్రం పిల్లలకు ప్రవేశం లేదు.

ఆయన ముప్పయ్యేళ్లు ఒక సినిమా హాల్లో గేట్‌మన్. హాలు మూతపడిన రోజున అందరూ జ్ఞాపకంగా ఫోటోలు పట్టుకెళ్తే, ఈయన బాల్కనీలో ఒక వరుస కుర్చీలు ఊడదీయించి రిక్షా మీద తెచ్చుకున్నాడు. ఒకే ఇనుప పట్టీకి బిగించిన ఆరు కుర్చీలు, బి-ఒకటి నుంచి బి-ఆరు దాకా. గదిలో నిలువుగా పట్టలేదు, అడ్డంగానూ పట్టలేదు. ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా ఇరికించాడు. బి-ఆరులో కూర్చున్నవాళ్ల మోకాళ్లు వంటగట్టుకు తగిలేవి. మామూలు రోజుల్లో అదే వరుస మీద పడుకునేవాడు. ఆరు కుర్చీల చేతులూ పొడుచుకోవడం వల్ల ఆయన నడక కూడా కాస్త ఏటవాలుగా ఉండేదని వీధిలో చెప్పుకునేవాళ్లు.

జకర్యాకి ఆ మొదటి రోజు గుర్తే. కూర్చోగానే పక్కనున్న మనిషిని ఇదేం ఆటని అడగబోయాడు. టార్చి నోటి మీద పడింది. హాల్లో మాట్లాడకూడదట. ఆకలైతుందన్నా అని గొణిగాడు. ఇంటర్వెల్‌లో సమోసాలున్నాయట; ఆ పళ్లేనిదే ఎప్పుడూ బి-ఒకటి. అరగంట కార్టూన్‌కి ఇంటర్వెల్ ఏమిటని ఎవరూ అడగలేదు. అడగడం కూడా మాట్లాడటమే కదా.

బి-రెండులో ఉన్నది లాడ్జి గుమస్తా నరసరాజు. భీమవరం వైపు నుంచి వచ్చి, అద్దెకిచ్చే గదుల్లోనే ఒక దాంట్లో ఉంటాడు. మేక గంప తినేసే చోట అందరూ నవ్వారు. యేసురాజు టార్చి వరుసంతా పాకి బి-రెండు మీద ఆగింది.

"నవ్వలేదేం?"

"నవ్వానండి. లోపల నవ్వుకున్నానండి."

"లోపల నవ్వితే ఇక్కడ నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది? బయటికి నవ్వండి."

నరసరాజు భయపడి నవ్వాడు. ఆ నవ్వు చూసి మిగతావాళ్లు నిజంగా నవ్వారు. వాళ్లను చూసి నరసరాజూ నిజంగా నవ్వాడు. యేసురాజు తృప్తిగా టార్చి ఆర్పాడు.

మర్నాడు వీధి కుళాయి దగ్గర జకర్యా ఆయన్ను ఆపి, మేక ఎందుకట్ల చేసిందని అడిగితే, ఆ పెద్దమనిషికి మేక ఉన్న సంగతే తెలియదు.

"నాకేం తెలుసు? నేను చూడలేదుగా."

"మరి ఏం చూసినవ్?"

"నీ పక్కన పచ్చళ్లమ్మే శారదమ్మ కళ్లు తుడుచుకుంది. ఏదో పోయిందనుకున్నా. తర్వాత నువ్వు పళ్లన్నీ బయటపెట్టావు. పోయింది దొరికిందనుకున్నా. కథ బాగానే ఉంది."

జనాలను ఎంచుకోవడంలో ఆయనకొక పద్ధతి లేదని వీధి మొత్తం తీర్మానించింది. చర్చి సంఘంలో పాటలు పాడించే రిచర్డ్ ఒక క్రిస్మస్ సాయంత్రం కేకు పట్టుకుని, పెళ్లాన్నీ ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని వెళ్తే, ఆయన గుమ్మంలోనే టార్చి అడ్డం పెట్టాడు. ఐదు సీట్లు పక్కపక్కన లేవు, ఫ్యామిలీని విడగొట్టడం నా వల్ల కాదు అన్నాడు. కేకు మాత్రం పుచ్చుకున్నాడు. కాసేపటికి అదే కేకు ముక్క తింటూ, ఊరూ పేరూ తెలియని పాత ఇనుము కొనే అతను బి-మూడులో కనబడ్డాడు. రిచర్డ్ ఈస్టర్ దాకా యేసురాజుతో మాట్లాడలేదు.

జకర్యాకి మాత్రం ఆ పద్ధతి లేని పద్ధతే బతుకైపోయింది. పండగంటే అతనికి ఇదివరకు భయం. షెడ్డులో తోటివాళ్లు ఉండరు, గదిలో మనిషి ఉండదు. ఇప్పుడు పండగ వారం రోజులుందనగానే బి-నాలుగు గుర్తొచ్చేది. రెండేళ్లలో ఏడు ఆటలు చూశాడు. పక్కవాళ్లతో ఒక్క మాటా మాట్లాడలేదు. కానీ బి-ఐదులో శారదమ్మ మోచేయి తన మోచేతికి తగులుతూ ఉంటే, లోకంలో తనకో చోటు రిజర్వు చేసి ఉన్నట్టుండేది. ఆ చోటు పోకుండా ఉంటే చాలు, ఇంకేమీ వద్దనుకునేవాడు.

ఆ మరుసటి ఉగాదికి ముందు రోసమ్మ తిరిగొచ్చింది. తల్లి పోయిన దుఃఖంలో ఉన్న మనిషి. కాస్త నవ్విద్దామని, మొగుడి కుర్చీ ఎలాంటిదో చూపిద్దామని, జకర్యా ఆమెకు ఉతికిన చీర కట్టించి తీసుకెళ్లాడు. గుమ్మంలో టార్చి ఇద్దరి మీదా పడింది.

"హౌస్‌ఫుల్," అన్నాడు యేసురాజు.

"అన్నా, నేను. బి-నాలుగు."

"హౌస్‌ఫుల్ అన్నానా?"

తలుపు మూసుకుపోయింది. తిరిగొస్తూ రోసమ్మ మెల్లగా అడిగింది, నాలుగో కుర్చీ ఖాళీగానే ఉంది కదండీ అని. మేస్త్రీ తిట్టినా, మూట కాలి మీద పడినా ఇంత నొప్పి కలగలేదతనికి. ఏం తప్పు చేశానో తెలియక ఏడు నెలలు కుమిలాడు. కుళాయి దగ్గర యేసురాజు మామూలుగానే పలకరిస్తుంటే ఇంకా మండేది.

దీపావళికి ఉండబట్టలేక ఒక్కడే వెళ్లాడు. టార్చి పడింది.

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్నే. రోసమ్మ ఊరికి పోయింది."

టార్చి మొహం మీంచి కిందికి దిగి చొక్కా మీద నిలిచింది. మెడ నుంచి బొడ్డు దాకా ఒక్కో బొత్తాం మీదా ఆగుతూ వచ్చింది.

"ఏడు బొత్తాలు. ఏడూ ఒకే రంగు దారంతో కుట్టి ఉన్నాయి. నిన్నటి పని. గేట్‌మన్ దగ్గర దొంగ టికెట్టు చెల్లదు తమ్మీ. ఇంటికి పో."

జకర్యాకి మొహం మాడింది. పోకుండా ఎదురుగోడ పక్కన నక్కి, తన కుర్చీ ఎవడికిచ్చాడో చూసి కడిగేద్దామని నిలబడ్డాడు. కాసేపటికి యేసురాజు వీధిలోకి వచ్చాడు. టపాకాయల పొగలో టార్చి అటూ ఇటూ వెతికింది. పండగ బట్టల్లో పోతున్న జంటలను వదిలేసింది. పిల్లలను ఎత్తుకున్నవాళ్లను వదిలేసింది. మూసిన స్కూలు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, గిన్నె మూత తీయాలా వద్దా అని చూస్తున్న వాచ్‌మన్ అబ్రహాం మీద ఆగింది.

"ఒక్కడివేనా?"

ముసలాయన గిన్నె మూత మళ్లీ బిగించాడు. తర్వాత తల ఊపాడు.

"బి-నాలుగు. గిన్నె కూడా తెచ్చుకో."

జకర్యా గోడకి ఆనుకుని వరుసంతా మనసులో ఒకసారి నడిచి చూసుకున్నాడు. లాడ్జిలో నరసరాజు. పచ్చళ్ల జాడీల మధ్య శారదమ్మ. పాత ఇనుము అతను. ఆ రోజు ఏ ఇంట్లోనూ వీళ్ల కోసం ఆకు వేసి ఉండదు. తన పక్కటెముకలు తడిమిన ఆ చలి గుర్తొచ్చింది. ఏడు నెలల కోపం దిగిపోయి, సిగ్గుతో నవ్వొచ్చింది.

ఇంట్లో రోసమ్మ అన్నం వార్చుతోంది. సీటు దొరికిందా అని అడిగింది.

"దొరకలే. మనం ఇద్దరమున్నం గద," అన్నాడు జకర్యా, ఇంతకంటే గొప్ప సంగతి ఇంకేముందన్నట్టు.

ఆ క్రిస్మస్ రోజు పొద్దున్నే యేసురాజు వెళ్లిపోయాడు. ట్రంకు పెట్టె, టీవీ ఆటోలో వేసుకుని స్టేషన్ వైపు పోయాడని ఇల్లుగల నాంచారమ్మ చెప్పింది. ఏ ఊరో, ఎందుకో, మళ్లీ వస్తాడో లేదో, ఆమెకీ ఒక్క ముక్క చెప్పలేదట.

సాయంత్రం ఆరుంపావుకి తాళం వేసిన ఆ గుమ్మం ముందు ఐదుగురు నిలబడ్డారు. తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచివి కట్టుకుని వచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడటం అలవాటు లేదు కాబట్టి, తాళం వైపే చూస్తున్నారు. జకర్యా తన వాకిట్లోంచి చూసి లోపలికొచ్చాడు.

"వాళ్లట్లనే నిలబడ్డరు రోసీ. జెర పరేషాన్‌గ ఉంది."

"నిలబెట్టి చూస్తారేంటండీ? పిలవండి. ఇంకో రెండు సోలల బియ్యం ఎసట్లో పోస్తే సరి."

పిలుద్దామని వెళ్తే పేర్లు సగం తెలియవు. "బి-మూడన్నా, బి-ఆరక్కా, మా ఇంటికి రండ్రి, టీవీ లేదు గని" అన్నాడు. వాళ్లు ఒకరి వెనక ఒకరు నంబర్ల వరసలోనే వచ్చారు. చాప మీద కూడా అలాగే కూర్చున్నారు.

చివరికి శారదమ్మ ఓపిక పట్టలేక పాత ఇనుము అతని వైపు తిరిగి, మీరు సమోసా ఎడమ చేత్తో తింటారని తప్ప ఏమీ తెలియదు, ఇంతకీ పేరేంటి నాయనా అంది. అతను సుబ్బరాజునని చెప్పాడు. బి-ఆరు ప్రేమమణి అట, ప్రసూతి ఆస్పత్రిలో ఆయా.

"ఒక మాటైనా చెప్పిపోవద్దా టార్చిరాజన్న?" అన్నాడు జకర్యా. అతనికి ఇంకా మింగుడు పడలేదు.

"గేట్‌మన్ ఆట అయిపోయేదాకా ఏనాడైనా ఉన్నాడా?" అంది శారదమ్మ. "శుభం పడేలోపే లేచి వెళ్లి బయటి తలుపులు తీయొద్దూ? లేకపోతే జనం ఎలా కదులుతారు?"

లోపల్నుంచి రోసమ్మ, పులుసులో కారం ఎంత వేయమంటారని కేకేసింది.

ఐదుగురూ ఒకేసారి మాట్లాడారు.