రాజారత్నం చెప్పని అద్దం

తెనాలిలో స్టేషను నుంచి కాలవ వంతెన వైపు వెళ్ళే దారిలో రాజారత్నానికి ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. రైసు మిల్లుల ఇంజన్లు, లారీలు, ట్రాక్టర్లు అక్కడికి వచ్చి బాగుపడి వెళ్ళేవి. అతని సొంతూరు బాపట్ల. తండ్రి పాదిరీల మిషను బంగళాలో కారు తుడిచే పని చేసేవాడు. ఆ కారు చుట్టూ తిరుగుతూ పెరిగిన రాజారత్నం ఎవరి దగ్గరా ప్రత్యేకంగా పని నేర్చుకోలేదు. ఇంజను శబ్దం విని జబ్బు ఎక్కడుందో చెప్పగలిగేవాడు.

1957లో పూర్ణచంద్రరావు ఒక పాత కారు కొన్నాడు. ఆయనకు కొల్లూరు దగ్గర లంకల్లో అరటి తోటలు, పసుపు చేలు, తెనాలిలో మేడ ఉన్నాయి. కారు 1936లో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్సు కారు. దొర ఒకాయన దేశం విడిచి వెళ్తూ బాపట్లలో వదిలేసి పోయాడు. పదేళ్ళు పెంకుటి చావిట్లో పడి ఉండటంతో సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టాయి, చెక్కను చెదలు తినేశాయి. పూర్ణచంద్రరావు దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. లారీ మీద ఎక్కించి షెడ్డుకు పంపి, నడిపించగలవేమో చూడమన్నాడు.

ఆరు నెలలు పట్టింది. చెదలు తిన్న చోటల్లా వడ్రంగి చేత టేకు ముక్కలు వేయించాడు. మడ్‌గార్డులు తన చేత్తోనే సుత్తి దెబ్బలు కొట్టి తీర్చాడు. స్టీరింగు వైపు, ముందద్దం మొదట్లో, రెండు మరలతో బిగించిన గుండ్రటి చిన్న సైడు అద్దం ఒకటి ఉండేది. వెనక ఇత్తడి డిప్ప, దానిమీద నికెల్ పూత. గాజు పగిలి సగమే మిగిలింది. ఆ రోజుల్లో పాతదానికి విలువ ఉంటుందని ఎవరనుకున్నారు? రాజారత్నం దాన్ని విప్పేసి, రెండు చిల్లుల్లో సీసం పోసి, నున్నగా రుద్ది, పైన ఎర్రరంగు కొట్టించాడు. బజార్లో దొరికే నలుచదరం అద్దాలు రెండు చెరోపక్కా బిగించాడు. ఆ ఇత్తడి డిప్పలో కొత్త గాజు కోయించి పెట్టి, రేపల్లెలో అప్పుడే మిషను బడిలో టీచరుగా చేరిన చెల్లెలు ప్రేమకుమారికి ఇచ్చాడు. ఆమె దాన్ని వంటింటి గోడకు తగిలించుకుంది.

ఆ తర్వాత పదమూడేళ్ళు ఆ కారు మీద మరొకరి చెయ్యి పడలేదు. ఏదన్నా బాగుచేసినప్పుడల్లా పూర్ణచంద్రరావు నడుపుతుంటే రాజారత్నం పక్క సీట్లో కూర్చుని చెవొగ్గి వినేవాడు. ఊళ్ళో జనం దాన్ని రాజారత్నం కారు అనేవాళ్ళు. అది విన్నప్పుడు పైకి కసిరినా లోపల మురిసిపోయేవాడు.

1970లో హనుమంతరావు మాస్టారు వచ్చాడు. బాపట్లలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయిన మనిషి. పాత కార్లంటే పిచ్చి. విదేశీ మోటారు పత్రికలు పెట్టెల నిండా దాచాడు. కార్లు నడపడం రాదు గాని, ఏ కారునైనా చూడకుండా బొమ్మ గీసేవాడు. మద్రాసులో పాత కార్ల పోటీ పెడుతున్నారనీ, కారు మీద ఉన్న ప్రతి వస్తువూ ఆ కారు కాలానిదే అయి ఉండాలనీ పూర్ణచంద్రరావుతో చెప్పింది ఆయనే. మొదటి రోజే కారు చుట్టూ తిరిగి, ఆ నలుచదరం అద్దాల దగ్గర ఆగి, ఇవి ఈ కారువి కావని మెల్లగా అన్నాడు. పూర్ణచంద్రరావు నవ్వుతూ రాజారత్నం వైపు చూశాడు. ఆ నవ్వు రాజారత్నానికి గుచ్చుకుంది.

అప్పటినుంచి మాస్టారు వారానికోసారి బాపట్ల నుంచి రైల్లో వచ్చేవాడు. మేడ వసారాలో పేము కుర్చీ వేసేవాళ్ళు. వెండి గ్లాసులో కాఫీ వచ్చేది. రాజారత్నం వాకిట్లో కారు దగ్గర నిలబడి, అరుగు చివర పెట్టిన గాజు గ్లాసులో టీ తాగేవాడు. పదమూడేళ్ళుగా అలాగే తాగుతున్నాడు, ఏనాడూ మనసుకు పట్టలేదు. ఇప్పుడు ప్రతి గుక్కా చేదుగా దిగింది. ఆ మాస్టారు చెడ్డవాడైనా బాగుండేది. రాజారత్నాన్ని ‘మీరు’ అనేవాడు, ‘మేస్త్రీగారు’ అని పిలిచేవాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోవడంతో ఒళ్ళు మరింత మండేది. ఇంటికెళ్ళి భార్య కరుణ దగ్గర ఆ మాస్టారికి స్పానరు పట్టుకోవడం కూడా చేతకాదని రోజూ చెప్పేవాడు. చేతకానివాడి గురించి ఇంతసేపు మాట్లాడటం దేనికని ఆమె ఒకరోజు అడిగేసింది.

సైడు అద్దాల సంగతి తేల్చడానికి మాస్టారు ఇంగ్లండుకు ఉత్తరం రాశాడు. రెండు నెలలకు జవాబు వచ్చింది. దాన్ని వసారాలో చదివి తెలుగులో చెప్తుంటే రాజారత్నం బానెట్టు కింద తలపెట్టి విన్నాడు. ఆ కాలంలో కంపెనీ అద్దాలు పెట్టి పంపేది కాదట. కొన్నవాళ్ళు తమకు నచ్చినది దుకాణంలో బిగించుకునేవాళ్ళట. అందుకని బాడీ మీద పాత మరల గుర్తులేమైనా ఉన్నాయేమో వెతకమని రాశారు. ఆ గుర్తులు తన అరచేతికి అందేంత దూరంలో, రంగు కింద ఉన్నాయి. వసారాలోంచి ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.

మూడు రోజుల తర్వాత మాస్టారే ఎండలో నడుచుకుంటూ షెడ్డుకు వచ్చాడు.

“మేస్త్రీగారూ, ఈ కారు మొదట మీ చేతికి వచ్చినప్పుడు సైడు అద్దం ఏదన్నా ఉందాండీ? కనీసం మరలు బిగించిన గుర్తులన్నా?”

ఉందండి, కుడివైపు, ఒక్కటే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఏమవుతుందో కూడా రాజారత్నానికి కళ్ళకు కట్టింది. మాస్టారు దాన్ని నోటుబుక్కులో రాసుకుంటాడు. వసారాలో చదువుతాడు. మాస్టారు భలే కనిపెట్టారని పూర్ణచంద్రరావు మెచ్చుకుంటాడు.

“లేదండి. ఏమీ లేవు,” అన్నాడు.

మాస్టారు ఆ మాట నమ్మి, రాసుకుని వెళ్ళాడు. మద్రాసు పుదుపేటలో పాత సామాన్ల కొట్ల నుంచి మూడు రకాల అద్దాలు తెప్పించారు. వసారాలో బల్లమీద వాటిని పరిచి, మాస్టారు ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూసి, పొడవాటి కాడలున్న తూటా ఆకారపు జత తీశాడు. అలాంటి కారుకే మడ్‌గార్డుల మీద అలాంటి అద్దాలున్న ఫొటో ఒకటి పత్రికలో దొరికింది. అది కారు పుట్టిన తర్వాత చాలా ఏళ్ళకు తీసిన ఫొటో అని ఆయనకు తట్టలేదు. బల్లమీద మిగిలిపోయిన వాటిలో గుండ్రటి చిన్న అద్దం కూడా ఉంది. రాజారత్నం దూరం నుంచి చూసి, అసలు దానికి ఎంత దగ్గరగా ఉందో అనుకున్నాడు. నోరు విప్పలేదు.

చిల్లులు వేసే పని అతనిదే. తను కొట్టి తీర్చిన మడ్‌గార్డు మీద పంచ్ ఉలి ఆనించి సుత్తి దెబ్బ వేసి, చేతి డ్రిల్లు తిప్పాడు. ఎర్రరంగు పొట్టు రాలి పాదాల మీద పడింది. రెండో మడ్‌గార్డు దగ్గర చెయ్యి ఆగింది. అప్పుడే పూర్ణచంద్రరావు వచ్చి, మాస్టారి ఎంపిక భలేగా ఉందన్నాడు. రాజారత్నం మళ్ళీ డ్రిల్లు తిప్పాడు.

1971 జనవరిలో కారును గూడ్సు బండిలో మద్రాసు పంపారు. పూర్ణచంద్రరావు, మాస్టారు ఫస్టు క్లాసులో, రాజారత్నం పనిముట్ల పెట్టెతో థర్డు క్లాసులో వెళ్ళారు. పోటీ రోజు కార్లన్నీ వరసగా ఊరేగాయి. ఎర్ర కారులో పక్క సీటు ఒక్కటే. అందులో మాస్టారు కూర్చున్నాడు. రాజారత్నం జనంలో నిలబడి చూశాడు.

తర్వాత జడ్జీలు వచ్చారు. వాళ్ళలో తెల్లమీసాల పెద్దాయన ఒకడు మడ్‌గార్డు మీది అద్దాన్ని వేలితో తట్టి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ అద్దాలు కారుకన్నా పదిహేనేళ్ళు చిన్నవని ఆయన అన్నట్టు పక్కన డ్రైవరు ఎవరో చెప్పాడు. రాజారత్నానికి గుండెల్లో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

హోటలు గదిలో పూర్ణచంద్రరావు మాస్టారిని పట్టుకుని దులిపేశాడు. ఇంగ్లండుకు ఉత్తరాలు రాసి, నెలల తరబడి తిరిగి చేసింది ఇదా అన్నాడు. గుమ్మం బయట నిలబడిన రాజారత్నం తన పేరు ఎప్పుడు వస్తుందా అని బిగుసుకుపోయాడు.

“తప్పు నాదేనండి. నేనే సరిగ్గా కనుక్కోలేదు,” అన్నాడు మాస్టారు.

అంతే. మేస్త్రీని అడిగాననీ, లేదన్నాడనీ చెప్పలేదు.

ఆ తర్వాత మాస్టారికి మేడ నుంచి కబురు రాలేదు. రాజారత్నం కోరుకున్నదంతా జరిగింది. కారు మళ్ళీ అతని ఒక్కడి చేతికే వచ్చింది. కాని పూర్ణచంద్రరావు కారు ఊసెత్తడమే మానేశాడు. కార్బురేటరు గురించి ఏదన్నా చెప్పబోతే సరేలే అని లేచిపోయేవాడు. దాని గురించి చెప్తే వినగల మనిషి ఒక్కడే ఉన్నాడనీ, ఆయన బాపట్లలో ఉన్నాడనీ రాజారత్నానికి తెలుసు. కరుణ వడ్డించిన అన్నం కెలికి లేచేవాడు.

మేలో చెల్లెలి బిడ్డ బాప్తిస్మానికి రేపల్లె వెళ్ళాడు. వంటింట్లో గోడకు ఆ గుండ్రటి అద్దం ఉంది. వచ్చినప్పుడల్లా దాన్ని చూసేవాడు, ఈసారి చూడలేక మొహం తిప్పుకున్నాడు. ఒంట్లో బాగాలేదా అని ప్రేమకుమారి అడిగింది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పేశాడు. ఆమె అంతా విని, చెయ్యి తుడుచుకుని, మేకు మీంచి అద్దం తీసింది.

“తీసుకెళ్ళన్నయ్యా. కాని మేడకు కాదు. ముందు ఆ మాస్టారి దగ్గరికి వెళ్ళు.”

మర్నాడు బాపట్లలో దిగి, అడ్రసు కనుక్కుని వెళ్ళాడు. మాస్టారు అరుగుమీద కూర్చుని పెన్సిలు చెక్కుతున్నాడు. గుడ్డ విప్పి అద్దం చేతికిస్తే, కళ్ళజోడు పెట్టుకుని వెనక డిప్పమీది అక్షరాలు చదివాడు. మరలు బిగించే చోటు మీద వేలు పెట్టి చూశాడు.

“నేను మిమ్మల్ని అడిగాను గదండీ.”

“అడిగారండి. అబద్ధం చెప్పాను.”

“ఎందుకండీ?”

“పదమూడేళ్ళు ఆ కారు నా చేతుల్లో ఉందండి. మీరొచ్చాక బాబుగారు దాని గురించి నన్నొక్క ముక్క అడగలేదు. మీరు కుర్చీలో కూర్చుని చెప్తుంటే నాకు కడుపు మండిపోయేదండి.”

“మద్రాసులో నేను పడ్డ అవమానం మీరు చూశారుగా.”

“చూశానండి. చూసి సంతోషించాను.”

మాస్టారు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. రాజారత్నం అరుగు కింద నిలబడ్డాడు. పోవాలో ఉండాలో తెలియలేదు. కాసేపటికి మాస్టారి భార్య శేషారత్నం మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఆయన చొక్కా వేసుకుని వస్తున్నారు, ఉండమని చెప్పింది.

ఇద్దరూ తెనాలి వెళ్ళే రైలెక్కారు. నిడుబ్రోలు దాకా మాస్టారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అక్కడ బండి ఆగినప్పుడు తల తిప్పాడు.

“ఆ రెండు మరల మధ్య దూరం ఎంతుంటుందండీ?”

రాజారత్నం బొటనవేలు, చూపుడువేలు చాపి చూపించాడు. మాస్టారు ఆ దూరాన్ని నోటుబుక్కులో గీసుకున్నాడు.

మేడ దగ్గర పూర్ణచంద్రరావు ఎదుటే రాజారత్నం కుడివైపు రంగు గీకాడు. సీసం మచ్చలు రెండు బయటపడ్డాయి. అద్దం బిగించే పట్టీ వాటిమీద అతికినట్టు కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని పూర్ణచంద్రరావు అడిగాడు. మేస్త్రీకి గుర్తుండి ఉండదని మాస్టారు అనబోయాడు.

“గుర్తులేకేమండి. తెలిసే చెప్పలేదు,” అన్నాడు రాజారత్నం.

పూర్ణచంద్రరావు ఆ రోజే కారును ఇంకో షెడ్డుకు పంపించేశాడు. మూడు నెలలు ఆ దారిన పోతూ కూడా పలకరించలేదు. అక్కడివాళ్ళకు ఆ ఇంజను లొంగలేదు. నాలుగడుగులు పోయి దగ్గి ఆగిపోయేది. చివరికి మాస్టారే మేడకు వెళ్ళి, ఆ కారుకు అతను తప్ప గతిలేదని ఒప్పించాడు. కారు తిరిగి వచ్చాక రాజారత్నం మొట్టమొదట చేసిన పని, మడ్‌గార్డుల మీద తను వేసిన చిల్లులు పూడ్చటం.

1973లో మద్రాసులో, ఆ గుండ్రటి అద్దంతోనే, కారుకు మూడో బహుమతి వచ్చింది. పేపర్లో ఫొటో వేశారు. కారు పక్కన పూర్ణచంద్రరావు, హనుమంతరావు నవ్వుతూ నిలబడ్డారు. ఫొటో తీసేటప్పుడు రాజారత్నం నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. ఆ పేపరు చూసి, ఎప్పుడో చల్లారిపోయిందనుకున్న మంట మళ్ళీ రాజుకోవడం చూసి, అతనికే సిగ్గేసింది. పేపరు మడిచి పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాడు. మాస్టారు మాత్రం రైలు దిగినప్పుడల్లా షెడ్డుకు వచ్చి, డబ్బామీద కూర్చుని, ఒక గంట కబుర్లు చెప్పి వెళ్ళేవాడు.

1976లో పూర్ణచంద్రరావుకు చూపు తగ్గింది. కారును మద్రాసాయన ఒకరు కొన్నారు. దాని అలవాట్లన్నీ రాసిమ్మని ఆయన అడిగారు. చలికాలం పొద్దున్న ఎలా స్టార్టు చెయ్యాలి, ఏ బోల్టు ఎంతవరకే బిగించాలి, ఏ శబ్దం వస్తే బండి ఆపెయ్యాలి, అన్నీ రాజారత్నం చెప్పాడు. మాస్టారు షెడ్డులోనే కూర్చుని మూడు సాయంత్రాలు ఇంగ్లీషులో రాశాడు. పదకొండు పేజీలయింది. బొమ్మలు కూడా ఆయనే వేశాడు. ఆఖరి పేజీ కింద ఒక్క పేరే రాశాడు. అక్షరాలు కూడబలుక్కుని చదివితే అది రాజారత్నం పేరు.

మీ పేరు కూడా వెయ్యండి, రాసింది మీరే గదా అని రాజారత్నం అన్నాడు. చెప్పింది మీరు, నేను రాశానంతే అని మాస్టారు కలం జేబులో పెట్టుకున్నాడు. తను ఆయన స్థానంలో ఉంటే పక్కన తన పేరు తప్పకుండా రాసుకునేవాడినని రాజారత్నానికి తెలుసు. ఆ మనిషికి ఉన్న ఆ గుణం మీద కూడా అతనికి అసూయ కలిగింది. ఆ మాట ఆయనతోనే అనేశాడు. మాస్టారు నవ్వి, గడియారం చూసుకుని, రైలుకు వేళయిందని లేచాడు. రాజారత్నం చేతులు తుడుచుకుని, సైకిలు తీసి, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని స్టేషనుకు తొక్కాడు.